చేయిపట్టి నడచు గోష్ఠి

ధనుర్మాసమున తెల్లవారకమునుపే వైష్ణవ గృహములలో దీపములు వెలుగును. తిరుమలలో ఆ నెల సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై వినబడును. గోదాదేవి అనుగ్రహించిన ఆ 30 పాశురములను పఠించువారును వినువారును లక్షల సంఖ్యలో ఉన్నారు. అయినను అందొక విశేషమును పలువురు గమనింపక దాటిపోవుదురు. 6వ పాశురము మొదలు 15వ పాశురము వఱకు గల పది పాశురములు భగవంతుని మేల్కొల్పుటకు ఉద్దేశించినవి కావు. ఇంకను గడప దాటి వెలుపలికి రాని చెలులను పిలుచుటకు ఉద్దేశించినవి. వ్రతము చేయదలచిన గోపికలు తిన్నగా నందగోపుని వాకిటికే పోవచ్చును గదా! పోరు. ఇంటింటి ముందు నిలుతురు. ఒకతెను బుజ్జగింతురు, ఒకతెతో హాస్యమాడుదురు, ఒకతెతో వాదమునకు దిగుదురు. అందఱును కూడినగాని అడుగు ముందునకు వేయరు. ప్రబంధములో మూడవవంతు తోడు రానివారి వాకిళ్ళయందే గడచినది.

15వ పాశురమున లోపలి చెలికిని వెలుపలివారికిని సంవాదము నడచును. అందఱును వచ్చిరా యని ఆమె అడుగగా, నీవే వచ్చి లెక్క చూచుకొమ్మని వీరందురు. లెక్కలో ఒక్కతె తగ్గినను ఆ గోష్ఠి పూర్ణము కాదని వారి నిశ్చయము.

రాని చెలి నిద్రమత్తుచేతనే రాదని నిర్ణయమేమి? కాళ్ళు నిలువకపోవుటచేత రానివారుందురు. తల తిరుగునను భయముచేత తలుపు వేసికొని కూర్చుండువారుందురు. అట్టివారి గుమ్మము ముందు నిలిచి పాడువారెవరు?

గోదావరీ తీరమున ఒక గ్రామము. అచ్చటి వేణుగోపాలస్వామి ఆలయమున ఏటేట పదిపన్నెండుగురు స్త్రీలు కూడి ధనుర్మాసమున తిరుప్పావై సేవాకాలము చేయుదురు. వారిలో డెబ్బది యేండ్లు దాటిన ఇల్లాలొకతె కలదు. పుస్తకము లేకయే 30 పాశురములను చెప్పగలది. ఇరువది యేండ్లుగా ఆ గోష్ఠిలో మొదటి పలుకు ఆమెదే. ఒక కార్తిక మాసపు సాయంకాలమున ఆమె ధ్వజస్తంభము చెంత ఆత్మప్రదక్షిణము చేయుచుండగా, రెండవ చుట్టులో నేల కదలినట్లై, పట్టుకొనుటకేమియు దొరకక, బలిపీఠము ప్రక్కన పడిపోయెను. ఎముక విఱుగలేదు. కాని నలుగురును మూగిరి. ఒకరు నీళ్ళు చల్లిరి. ఒకరు పైత్యమనిరి. ఉపవాసముండుటచేత ఇట్లయినదని ఒకరనిరి. పడుచువాడొకడు చంకల క్రింద చేతులు వేసి ఎత్తి అరుగుమీద కూర్చుండబెట్టెను. పడిన దెబ్బకంటె ఆ ఎత్తి కూర్చుండబెట్టుటయే ఆమె మనస్సులో నాటుకొనెను.

"అమ్మా, ఇంట్లోనే కూర్చుని చదువుకో. దేవుడు ఇంట్లో మాత్రం లేడా?" అని కుమారుడనెను. ప్రేమతో అన్న మాటయే. నాటినుండి ఆమె గుడికి పోవుట మానెను. పిమ్మట సాయంకాలము అరుగులమీద కూర్చుండి ముచ్చటలాడుట మానెను. పేరంటములకు పిలుపు వచ్చిన కోడలిని పంపెను. సేవాకాలపు చెలులు రెండుమార్లు వచ్చి పిలిచిరి, ఆమె రాలేననెను. ఆమెను శ్రమపెట్టుట తగదని తలచి వారు మూడవమారు పిలువలేదు. కాఠిన్యముచేత కాదు, దయచేతనే ఆ గోష్ఠి ఆమెను విడిచినది. ఇట్టి దయకు లోనై ఇండ్లలో మిగిలిపోయిన వృద్ధులు మన గ్రామములందును పట్టణములందును ఎందఱో కలరు.

ఈ తల తిరుగుట యను దానిని గూర్చి పెద్దలు పలుకు మాటలలో ఊహలు హెచ్చు. కావున వైద్యులు తెలిసికొన్నదానిని కొంత చెప్పవలసియున్నది. మనుష్యుడు తిన్నగా నిలుచుటకు మూడు సాక్ష్యములు కావలయును. కన్ను చూచి చెప్పునది ఒకటి. పాదములును కీళ్ళును నేలను తాకి చెప్పునది రెండవది. లోచెవి చెప్పునది మూడవది. లోచెవిలో మూడు అర్ధవలయాకారపు సన్నని నాళములు మూడు దిక్కులకు అమరియున్నవి. వానిలోని ద్రవము తల కదలికను తెలుపును. వాని ప్రక్కనే సున్నపురాతి ధూళివంటి సూక్ష్మ రేణువులు ఒక మెత్తని పొరపై నిలిచి, తల వాలుటను, శరీరము ముందునకు వెనుకకు పోవుటను తెలుపును. వియన్నా నగరమున చెవి వైద్యుడుగా నుండిన రాబర్ట్ బారానీ చెవిలో చల్లని నీరు, వెచ్చని నీరు పోసినపుడు రోగికి తల తిరుగుటను గమనించి, ఈ యంత్రము పనిచేయు విధమును వెల్లడించెను. అందులకై ఆయనకు 1914 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. ఆ వార్త అందునాటికి ఆయన యుద్ధఖైదీగా రష్యాలో ఉండెను.

వయస్సు పైబడినవారిలో ఆ రేణువులు కొన్ని తమ చోటు విడిచి నాళములోనికి జాఱుట కలదు. అప్పుడు పడకమీద ప్రక్కకు ఒత్తిగిలినను, తల పైకెత్తినను, వంగి లేచినను లోకమంతయు గిఱ్ఱున తిరుగును. నిమిషము లోపలనే నెమ్మదించును. దేవాలయమునకు పోవువారికి ఈ కదలికలు ఎన్ని తగులునో చూడుడు! గోపురశిఖరమును దర్శించుటకు తల వెనుకకు వాల్చవలయును. తీర్థము నోటిలో పోసికొనుటకు మెడ పైకెత్తవలయును. శఠారికి తల వంపవలయును. ప్రణామమునకు నేలకు వంగి లేవవలయును. ఆత్మప్రదక్షిణమునకు నిలిచినచోటనే తిరుగవలయును. కన్నులు మూసికొని ధ్యానించినచో మూడు సాక్ష్యములలో ఒకటి అప్పటికప్పుడే తొలగిపోవును. భక్తుడు సహజముగా చేయు పనులన్నియు ఆ రోగమును రేపునవియే. అది పైత్యము కాదు, దేవతాగ్రహము కాదు, పూర్వపాపమును కాదు. మూడు సాక్ష్యములలో ఒకటి తప్పుడు మాట చెప్పుచున్నది, అంతియే. జాన్ ఎప్లీ యను అమెరికా వైద్యుడు 1992లో ప్రకటించిన పద్ధతి ననుసరించి తలను క్రమముగా కొన్ని దిశలకు త్రిప్పి ఆ రేణువులను స్వస్థానమునకు చేర్చుట నేడు వైద్యులు చేయుచున్నారు. మందు అక్కఱలేకయే కొద్ది నిమిషములలో ముగియు చికిత్స అది.

తూలుట అంతయు దీనివలననే కలుగదు. మధుమేహముచేత పాదములకు స్పర్శ తగ్గుట, కంటిలో పువ్వు, లేచి నిలిచినపుడు రక్తపు పోటు పడిపోవుట, వాడుచున్న మందులు, మోకాళ్ళ బలహీనత, ఇవన్నియు కారణములు కాగలవు. తల తిరుగుటతోపాటు మాట తడబడినను, ఒక ప్రక్క చేయి కాలు పట్టు తప్పినను, వస్తువు రెండుగా కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలయును. అప్పుడు నిమ్మకాయలు వాసన చూపించుచు కూర్చుండుట తగదు.

ఆ ఇల్లాలిని కుమారుడు పట్టణములోని చెవి వైద్యుని వద్దకు కొనిపోయెను. ఆయన ఆమెను బల్లమీద పరుండబెట్టి, తలను అటునిటు త్రిప్పి, కూర్చుండబెట్టెను. వారము తిరుగునప్పటికి గిఱ్ఱున తిరుగుట నిలిచినది. కాని పాదముల తిమ్మిరియు, నడకలోని తూలుడును వయస్సుతో వచ్చినవి, అవి పోలేదు. "ఇంట్లో పడుకోవద్దు. తోడు పెట్టుకుని రోజూ నడవండి" అని వైద్యుడు చెప్పెను. చెవిలోని రేణువులు తమ చోటికి చేరినవి గాని, మనస్సులో కలత చెందినది కుదుటపడలేదు. ఆమె గడప దాటలేదు.

పడుదునేమో యను భయము వ్యర్థమైనది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ననుసరించి పడిపోవుటచేత ప్రపంచమున ఏటేట 6,84,000 మంది ప్రాణములు కోల్పోవుచున్నారు. వారిలో 60 ఏండ్లు దాటినవారే అధికము. కాని భయమునకు మందు కదలకుండుట కాదు. కదలనివారి తొడలు సన్నగిల్లును, పాదము నేలను మఱచును, తూలుడు హెచ్చును, దానితో భయమును హెచ్చును. లోచెవి దెబ్బతిన్నప్పుడు మెదడు మిగిలిన రెండు సాక్ష్యములతో సరిపెట్టుకొనుట నేర్చుకొనును; అది నడచుచు, తల త్రిప్పుచు, నలుగురిలో తిరుగుచు నేర్చుకొనవలసిన విద్యయే గాని మంచముమీద అబ్బునది కాదు.

ఇంటిలో దేవుడు లేడాయని కుమారుడడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. ఉన్నాడు. ప్రపత్తికి దేశనియమము లేదు, కాలనియమము లేదు, ప్రకారనియమము లేదని పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణమున నిర్ణయించిరి. స్నానము లేని స్థితిలో నిండుసభయందు ద్రౌపది పిలువగా పలికినవాడు, మంచమున పడియున్న వృద్ధురాలు పిలిచిన పలుకకుండునా? భగవత్కృపకొఱకై ఆమె గుడికి రావలసిన పని లేదు. ఈ మాటను ఎవరును కాదనజాలరు.

కాని గోష్ఠి వేఱు. కులశేఖరాళ్వార్లు పెరుమాళ్ తిరుమొழியందు రెండవ దశకమును భక్తుల కూటమిలో కలియవలెనను తపనకే వినియోగించిరి. రాజ్యమేలినవాడు, కోరినచో శ్రీరంగనాథుని తన అంతఃపురమునుండియే ధ్యానించుకొనవచ్చును. భగవంతుడు దొరకుట ఒకటి, భాగవతులు దొరకుట మఱియొకటి యని ఎఱిగినవాడు కావుననే ఆ కూటమిని కోరెను. ఇంటిలోని దేవుడు ఇంటిలోనే యుండును, కాని ఇరువది యేండ్లు ప్రక్కన కూర్చుండి పాశురము నందుకొన్న చెలి ఇంటిలో ఉండదు. వృద్ధురాలు కోల్పోయినది దేవుని కాదు, చెలులను.

శ్రీమద్రామానుజుల చరిత్రమున ఒక ఘట్టము ప్రసిద్ధము. వార్ధకమున వారు శ్రీరంగమున కావేరీ స్నానమునకు పోవునపుడు ముదలియాండాన్ చేయి ఊతగా పట్టుకొని పోవుచుండిరి. స్నానముచేసి మరలివచ్చునపుడు ఉఱంగావిల్లి దాసుల చేయి పట్టుకొని వచ్చుచుండిరి. ముదలియాండాన్ విద్వాంసుడు, స్వయముగా వారి మేనల్లుడు. ఉఱంగావిల్లి దాసులు మల్లుడు, లోకము తక్కువగా చూచు కులమునకు చెందినవాడు. స్నానానంతరము అట్టివానిని తాకవచ్చునాయని కొందఱు ఆక్షేపించిరి. జన్మ విద్యా ధనముల వలని గర్వము లేశమును లేని వానిని తాకుట స్నానముకంటెను పావనమని యతిరాజులు సమాధానమిచ్చిరి. ఈ కథను చెప్పువారందఱును కులగర్వ నిరసనమును చెప్పుదురు. అది చెప్పవలసినదే. కాని దానిక్రింద మఱుగుపడిన సంగతి ఒకటి కలదు. శ్రీభాష్యకారులకు నడచుటకు చేయి కావలసివచ్చినది! పోవుటకొకటి, వచ్చుటకొకటి. దానిని వారు దాచలేదు. ఏటికి పోవుట మానలేదు. మఠమునకే కుండలతో నీరు తెప్పించుకొని స్నానము చేయవచ్చును గదా, శిష్యులకు కొదువయా? అయినను ప్రతిదినమును నలుగురు చూచుచుండగా, ఒకరి చేతిలో చేయి వేసి, శ్రీరంగ వీథులలో నడచిరి.

ఆ ఉఱంగావిల్లి దాసుల పూర్వకథయు స్మరింపదగినది. ఎండలో నడచుచున్న తన భార్య పొన్నాచ్చికి గొడుగు పట్టి, జనులు నవ్వుచున్నను లెక్కపెట్టక, ఆమె కన్నులకు ఎండ తగులకుండ వీథివెంట నడచుచుండగా రామానుజులు చూచిరి. ఒకరికొఱకు సిగ్గు విడిచి నడచుట నేర్చిన ఆ చేయియే తరువాత ఆచార్యునకు ఊతయైనది.

ఇక తిరుక్కోవలూరు కథ. వానయు చీకటియు కలసిన రాత్రి. ఒక యింటి ఇఱుకైన నడవ. పొయ్గై ఆళ్వార్లు అచ్చట పరుండియుండగా పూదత్తాళ్వార్లు వచ్చిరి. ఒకరు పరుండు చోట ఇద్దఱు కూర్చుండవచ్చునని కూర్చుండిరి. పేయాళ్వార్లు వచ్చిరి. ఇద్దఱు కూర్చుండు చోట ముగ్గురు నిలువవచ్చునని ముగ్గురును లేచి నిలిచిరి. చీకటిలో నిలుచుట ఎంత కష్టమో తూలెడివారికి తెలియును. కంటి సాక్ష్యము అక్కఱకు రాదు, గోడ యెక్కడనో తెలియదు. వారు ఒకరినొకరు ఒరసికొని నిలిచిరి. పడుటకు చోటులేనంత దగ్గఱగా నిలిచిరని చెప్పిన తప్పులేదు. అప్పుడు నాలవవాడొకడు నడుమ దూఱి ఒత్తుచున్నట్లు ముగ్గురికిని తోచెను. ఆ నాలవవానిని చూచుటకు వారు వెలిగించిన జ్ఞానదీపములే మొదటి మూడు తిరువందాదులు. ఆ క్షేత్రమున వెలసిన స్వామి త్రివిక్రముడు: ఒక పాదము నేలనూని, రెండవ పాదము లోకములకు పైకెత్తి నిలిచినవాడు. ఒంటికాలిపై బ్రహ్మాండమును కొలిచినవానికి నిలువ చోటు లేకనా ఆ నడవలోనికి దూఱుట? తాను ఎవరి నడుమ ఉండగోరునో చూపుటకు దూఱెను. విడివిడిగా ముగ్గురు మూడు ఇండ్లలో పరుండియుండినచో ఆ రాత్రి అచ్చట ఒత్తిడియు లేదు, దర్శనమును లేదు.

ఇంటనుండిపోవు వృద్ధులలో కొందఱికి భయముకంటె అభిమానము అడ్డు. చేతికఱ్ఱ పట్టిన నలుగురును చూతురని సంకోచము. కఱ్ఱ పట్టుట అవమానమైనచో యతులకు త్రిదండమేల, వామనునకు దండమేల, గోపాలునకు పసులకోల యేల? ఇతరులకు భారమగుదునని మఱికొందఱి వాదము. వినుటకిది వినయమువలె నుండును. కాని తాను జీవితమంతయు ఎవరిమీదను ఆనక నిలిచితిననుకొనుట యందే పొరపాటున్నది. జీవుడు స్వతంత్రుడు కాడు, పరతంత్రుడని విశిష్టాద్వైతులు నిత్యము పఠించు సిద్ధాంతము. దానిని సన్నిధిలో ఒప్పుకొని, సన్నిధి మెట్లవద్ద ప్రక్కవారి చేయి పట్టుకొనుటకు సిగ్గుపడుట ఎట్టి యొప్పుకోలు?

అయినను దోషము వృద్ధులదే యనుట న్యాయము కాదు. తక్కినవారు చేయవలసినది హెచ్చు. రాలేననగానే సరేయని వెడలిపోవు చెలులు గోదాదేవి గోష్ఠిలో లేరు. పిలుచువారు వేళ మార్చుకొనవలయును: చీకటిలో, మంచు తడిలో గాక కొంచెము వెలుగు వచ్చినపిదప బయలుదేఱిన నష్టమేమి? నడచునపుడు ముందు పోయి వెనుదిరిగి రమ్మని పిలువరాదు, ప్రక్కను నడువవలయును. తూలెడివారి రెక్క పట్టి లాగరాదు. తమ చేయి చాచి, వారినే పట్టుకొననీయవలయును. లాగినచో ఉన్న నిలకడయు పోవును. పట్టుకొననిచ్చినచో వారి నడక వారిదిగానే యుండును. మాటాడవలసి వచ్చినచో నిలిచి మాటాడవలయును, ఏలనన తూలెడివారికి నడచుచు తల త్రిప్పి బదులు చెప్పుట ఎంతయో శ్రమ. సంతలో, తిరునాళ్ళలో, ఉత్సవపు గుంపులో గోడ ప్రక్కను వారికి విడువవలయును. అభిషేకము నాడు తడిసిన రాతినేలపై వారిని నడిపింపరాదు.

ఆలయ నిర్వాహకులు ధ్వజస్తంభము చెంత నుండి ముఖమండపము వఱకు చేతికందు ఎత్తున ఇనుప కమ్మి ఒకటి నాటించినచో వచ్చు వ్యయమెంత? ఒక ఉత్సవమున బాణసంచాకు పోవునంత కాదు. స్తంభము ప్రక్కన వీపు ఆనించుకొనుటకు అనువైన పీట ఒకటి ఉంచుట అపచారము కాదు. తీర్థమును అరచేతిలో పుచ్చుకొని తల ఎత్తక పెదవులతోనే తీసికొనవచ్చును. కూర్చుండినవారి శిరస్సుపై అర్చకులు శఠారి మెల్లగా సాదించినచో స్వామికి కోపము రాదు. వంగి మ్రొక్కలేనివారికి అంజలి చాలును. ఎప్పుడైనను, ఎవరైనను, ఎట్లైనను ఒక్కమారు చేసిన అంజలి వ్యర్థము కాదని యామునాచార్యులు స్తోత్రరత్నమున చెప్పిరి. ఆ ఒక్క శ్లోకముమీదనే వేదాంతదేశికులు అంజలివైభవమను గ్రంథము రచించిరి. "ఎట్లైనను" అను పదములో కూర్చుండి చేయు అంజలియు, స్తంభము నానుకొని చేయు అంజలియు ఇమిడియున్నవి.

కులశేఖరులు శ్రీనివాసుని సన్నిధిలో మెట్టుగా పడియుండవలెనని కోరిరి. అందుచేతనే తిరుమల గర్భాలయపు గడపకు కులశేఖరప్పడి యని పేరు వచ్చినది. ఆ కడపటి మెట్టు కాదలచినవాని మనస్సు తెలిసినవారు, తమ యూరి గుడి మెట్టుమీద తడబడు పాదమునకు ఒక చేయి చాచుట సేవ కాదనుకొందురా?

భక్తి పేరిట మొండితనమును మెచ్చుకొనుటయు తగదు. అలిపిరినుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లు. నడచి యెక్కెదనని మ్రొక్కుకొని, వైద్యుడు వలదన్నను వినక, చెవి రోగముతో ఆ మెట్లెక్కబూనుట భక్తి యనిపించుకొనదు. 1944లో తొలి ఘాట్ రోడ్డు ఏర్పడుటకు పూర్వము నడువలేని వృద్ధులు డోలీలలో ఇతరుల భుజములమీద కొండనెక్కిరి. వారి యాత్రను ఎవరును తక్కువ చేయలేదు. మోకాళ్ళపర్వతమున రామానుజులు కొండపై పాదము మోపుటకు జంకి మోకాళ్ళతో ఎక్కిరని సంప్రదాయము చెప్పును. అచ్చటనే ఎనిమిదేండ్ల అన్నమయ్య ఆకలిచేతను అలసటచేతను సొమ్మసిల్లి ఒక బండపై పడియుండగా అలమేలుమంగమ్మ ప్రసాదమిచ్చి లేవనెత్తినదని, మనుమడు చిన్నన్న వ్రాసిన చరిత్రమువలన తెలియుచున్నది. వేలకొలది సంకీర్తనలు చెప్పినవాని తొలి తిరుమల యాత్రయు ఒకరు లేవనెత్తగా సాగినదే.

ఆ గ్రామమున ధనుర్మాసము ప్రవేశించెను. తొమ్మిది దినములు వృద్ధురాలు ఇంట కూర్చుండియే పాశురములు చెప్పుకొనెను. గుడినుండి గాలిలో వచ్చు కంఠముల లోపల ఎవరు తప్పుచున్నారో ఆమెకు వినబడుచునే యుండెను. 10వ దినమున వాకిట మాటలు వినబడినవి. ప్రక్కయింటి వదినగారు, కంటి పువ్వుచేత అక్షరము కానరానిది, ముందు నిలిచెను. వెనుక తక్కినవారందఱును ఉండిరి.

"వదినగారూ, ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం దాకా చెలుల గుమ్మాల ముందు పాడాల్సినవి కదా. మేం గుళ్ళో కూర్చుని పాడేస్తున్నాం. ఇవాళ మీ గుమ్మం ముందు పాడదామని వచ్చాం."

"నాకు కాలు నిలవదమ్మా. మీ అందరికీ అడ్డం."

"మీకు కాలు నిలవదు, నాకు అక్షరం ఆనదు. మీరు పాశురం అందించండి, నేను చెయ్యి అందిస్తాను. మీరు లేక ఈ తొమ్మిది రోజులూ ఎన్ని తప్పులు పోయాయో ఆ స్వామికే తెలుసు."

"నాకూ తెలుసు," అని లోపలినుండి బదులు వచ్చినది. వెలుపలివారందఱును నవ్విరి.

10వ పాశురమున నిద్రపోవుచున్న చెలిని కుంభకర్ణునితో పోల్చి పరిహసించి, కడపట తొందరపడక తేఱుకొని వచ్చి తలుపు తీయుమని కోరుట కలదు. తూలుచు పరుగెత్తి రావలదు, నెమ్మదిగా రమ్ము, వేచియుందుమని ఆ మాటలోని వాత్సల్యము. ఆ నాడు వాకిట దానిని పాడిరి. పాట ముగిసినను తలుపు వెంటనే తెఱవబడలేదు. లోపల కఱ్ఱ నేల తాకుచున్న చప్పుడు, ఆగి మరల తాకుచున్న చప్పుడు వినబడుచుండెను. ఎవరును తొందరపెట్టలేదు.

గుడి ఆ యింటికి రెండువందల అడుగుల దూరము. ఆ దినమున చేరుటకు పావుగంట పట్టినది. నడుమ రెండుమార్లు నిలిచిరి. మఱునాటినుండి కుమారుడే తల్లిని గుడిదాక దిగవిడిచి, మరల చెలులతో వచ్చునని తెలిసి, పొలమునకు పోవుచుండెను. స్తంభము ప్రక్కన ఆమెకొక పీట అమరినది. ప్రదక్షిణము మానెను, చెలులు ప్రదక్షిణము చేయుచు ఆమె ముందునుండి పోయినపుడెల్ల చేతులు జోడించుచుండెను.

27వ నాడు కూడారై. వ్రతము ముగిసి అందఱును కూడి కూర్చుండి, నేయి మోచేతికి కాఱునట్లు పాలపొంగలి ఆరగించు పాశురము నాటిది. మండపమున ఆకులు పఱచి ప్రసాదము వడ్డించిరి. వృద్ధురాలు పీటమీద కూర్చుండి, ఒక చేతితో స్తంభమును పట్టుకొని, రెండవ చేతితో తినుచుండెను. నేయి జాఱి ఆమె మోచేతినుండి ప్రక్కన కూర్చున్న వదినగారి చీరమీద పడినది. "చూసుకోండి వదినా, మీ చీర పాడైంది," అని ఆమె నొచ్చుకొనెను. కంటికి అంతగా కానరాని ఆ ఇల్లాలు చీరను తడవి చూచుకొని, "ఎక్కడా?" అని అడిగి, మఱికొంచెము పొంగలి ఆమె ఆకులో వేయించెను.